మాంగర్ బనీకి వెళ్లేవారికి

గ్రేటర్ నోయిడా తెలుగువారికి ఆదివారం కొండగాలి కావాలంటే దగ్గరున్నవి ఆరావళులే. ఫరీదాబాద్, గురుగ్రామ్‌ల మధ్య మాంగర్ బనీ అనే అడవిలో ధవ్ చెట్లు (మన చిరుమానుకు దగ్గరి చుట్టాలు) నిటారుగా ఎదిగాయి. పశువులు మేసేచోట ఇదే చెట్టు రాళ్లమీద చాపలా పాకుతుంది. గుదరియా దాస్ బాబా అనే సాధువు పేరిట చుట్టుపక్కల గుజ్జర్ పల్లెలు బనీలో కొమ్మ విరవకుండా, మందను తోలకుండా కట్టుబాటు పాటించడమే ఆ నిటారు ఎదుగుదలకు కారణం.

జనం చూడకపోతే అడవి మీద మమకారం ఎలా పుడుతుందని కొందరి వాదన. సబబే. కానీ ఆ పల్లెలు కాపాడింది రాకపోకలకు హద్దు పెట్టుకునే. 2016లో హర్యానా ప్రభుత్వం బనీ చుట్టూ 500 మీటర్ల మేర నిర్మాణాలు వద్దంది. ఆ గీత స్పీకర్లనూ, బిర్యానీ డబ్బాలనూ ఆపుతుందా? షికార్లకు పాత గనుల నేలపై పెంచిన గురుగ్రామ్ ఆరావళి బయోడైవర్సిటీ పార్కు ఉంది. పక్షులకోసమైతే మన సూరజ్‌పూర్ చిత్తడినేల ఉండనే ఉంది. బనీకి మాత్రం నలుగురైదుగురుగా, నడిచే వెళ్లండి, పొయ్యి వెలిగించకండి.