కత్తి దించి నాగలి పట్టినవారు

పిల్లలూ, పూర్వం రాజులు దూరాన సరిహద్దులో కాపలా కాసే సైనికుడికి జీతం ఎలా ఇచ్చేవారో తెలుసునా? నాణేలు తక్కువ. పోనీ ధాన్యం పంపుదామంటే, బండి వంద మైళ్ళు నడిచేసరికి ఎడ్లూ, బండివాడూ కలిసి అందులో బోలెడు తినేస్తారాయె! అందుకని అక్కడే కాస్త భూమి ఇచ్చి, "పండించుకో, కాచుకో" అనేవారు. తన చేను కాచుకునేవాడికి కాపలా కాయమని వేరే చెప్పాలా?

రోమనులు ఈ పనిలో ఆరితేరినవారు. క్రీస్తు పూర్వం 25లో అగస్టస్ చక్రవర్తి స్పెయిన్‌లో రెండు దళాల వృద్ధ సైనికులకు ఒక ఊరు కట్టించాడు. అదే ఇప్పటి మెరిదా. ఆ కాలపు వంతెన, నాటకశాల నేటికీ ఉన్నవి. రోమనులు భూమిని సాధారణంగా 710 మీటర్ల పక్క గల చతురస్రాలుగా కొలిచి, ముక్కలు చేసి పంచేవారు. ఒక చతురస్రం ఎన్ని ఎకరాలో లెక్క కట్టండి. ఎకరం అంటే సుమారు 4047 చదరపు మీటర్లు. దాదాపు 125 వస్తే మీ లెక్క సరి.

మన కాకతీయుల నాయంకరం కూడా ఇటువంటిదే. నాయకుడికి కొన్ని ఊళ్ళు ఇస్తారు, ఆ రాబడితో అతడు సైన్యాన్ని పోషించాలి. నాయకుడు స్వయంగా నాగలి పట్టేవాడు కాదు లెండి. అడవి కొట్టించేవాడు, చెరువు తవ్వించేవాడు.

నిజంగా నాగలి పట్టినవారిని చూడాలంటే పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం వెళ్ళాలి. పదిహేడవ శతాబ్దంలో పూసపాటి మాధవవర్మ దగ్గరలో ఉన్న ఆరుగొలను కోట కాపలాకు ఉత్తరాది నుంచి సైనికులను తెచ్చి నిలిపాడనీ, వారి వంశాలే ఈ ఊరనీ అక్కడివారు చెబుతారు. కోట పోయింది, రాజు పోయాడు. కొలువు మాత్రం పోలేదు! మొదటి ప్రపంచ యుద్ధానికి ఆ ఊరి నుంచి 90 మంది, రెండవ దానికి 1,110 మంది వెళ్ళారని లెక్క. ఇప్పటికీ ఆ ఊరి పేరు మిలిటరీ మాధవరం. కొందరు పిల్లలకు మేజర్, కెప్టెన్, సుబేదార్ అని పేర్లు పెడతారట. ఆ పేరున్న కుర్రవాణ్ణి బెంచీ ఎక్కించాలంటే ఏ మాస్టారికైనా కాస్త జంకే!

అయితే, ఇచ్చే భూమి ఖాళీగా ఉన్నదా? ఈ మాట ఎవరూ అడగరు. మెరిదా చుట్టుపక్కల రోమనుల కంటె ముందు మనుషులు లేరా? మా ఖమ్మం పక్కనున్న భద్రాచలం అడవుల సంగతే చూడండి. 1860లో నిజాం ఆ సీమను ఇంగ్లీషువారికి ఇచ్చివేశాడు. 1874లో అది మద్రాసు రాజధానిలో చేరింది, 1959లో మా ఖమ్మం జిల్లాలో కలిసింది. కాగితాల మీద ఇన్ని చేతులు మారినా, నేల మీద ఉన్నవారు కోయలు. వారిది పోడు సేద్యం. ఎండాకాలంలో చెట్టూ చేమా నరికి కాల్చి, ఆ బూడిదే ఎరువుగా వానలకు జొన్నా సామా చల్లుతారు. కొన్నేళ్ళకు సారం తగ్గితే ఆ తావు వదిలి మరొకచోట నరుకుతారు. వదిలిన నేల మళ్ళీ చెట్లతో నిండుతుంది. కొత్తవాడి కళ్ళకు అది ఎవరిదీ కాని అడవి, కోయవాడికి మాత్రం తాత దున్నిన చేను. బయటివారు వచ్చి నేల ఆక్రమించిన సందర్భాలెన్నో ఉన్నవి.

అందుకే 1959లో ఒక నిబంధన వచ్చింది. 1970లో దాన్ని గట్టి చేశారు. "వన్ ఆఫ్ సెవెంటీ" అని పెద్దలు అంటూ ఉంటే వినే ఉంటారు. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోరాదు. ప్రభుత్వ భూమి కూడా వారికి ఇవ్వరాదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కనుక మాజీ సైనికుడికి మైదానంలో సర్కారు భూమి ఇవ్వవచ్చు గాని, బయటివాడైతే ఏజెన్సీలో కుదరదు. ఆ సైనికుడు కోయవాడే అయితే అడ్డు లేదు.

మీ ఊళ్ళో పట్టాళం నుంచి వచ్చి సేద్యం చేస్తున్న తాతగారు ఎవరైనా ఉంటే, వెళ్ళి రెండు ప్రశ్నలు అడగండి. ఎక్కడ కాపలా కాశారు తాతగారూ? ఈ చేను మీకు రాకముందు ఎవరు దున్నేవారు? ఆయన చెప్పింది రాసి మా పేరిట పంపండి.