బయట కూర్చోబెట్టిన రోగి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. ఏ ఊరి ఆస్పత్రైనా తంతు ఒకటే. డాక్టర్ రిపోర్టు చూస్తాడు. "బిడ్డా, నువ్వు కాసేపు బయట కూర్చో" అంటాడు. పదహారేళ్ల పిల్ల లేచి పోతుంది. జబ్బు ఆమెది, ఒళ్లు ఆమెది. సంగతి మాత్రం మేనమామకు చెప్తారు. "దానికి తెలియనియ్యకండి సార్, తట్టుకోదు" అని తండ్రి చేతులు జోడిస్తే డాక్టర్ తలూపుతాడు. దీనికి దయ అని పేరు పెట్టుకున్నాం. నేను పిరికితనం అంటాను.

అసలు దాగుతుందా? హైదరాబాద్‌లో బస్సు దిగి ఎమ్మెన్జే అనగానే "క్యాన్సర్ దవాఖానకేనా?" అని ఆటో డ్రైవరే అడుగుతాడు. పది పాసైన పిల్లకు మందు పేరు ఫోన్లో కొట్టి చూడడం రాదా? అమెరికాలో మైరా బ్లూబాండ్-లాంగ్నర్ ల్యుకేమియా పిల్లల మధ్య గడిపి 1978లో పుస్తకం రాసింది. ఎవరూ చెప్పకున్నా చావు సంగతి ఆ చిన్నపిల్లలకు తెలుసు. పెద్దవాళ్లు బాధపడతారని తెలియనట్టు నటించారు. అంటే ఓదార్పు పని రోగి నెత్తినే పడిందన్నమాట.

పైగా దాచడం ప్రాణం మీదికి తెస్తుంది. ల్యుకేమియాలో ఎక్కువగా పిల్లలకొచ్చే రకం చాలావరకు నయమవుతుంది. కానీ రెండు మూడేళ్ల చికిత్స. అందులో చాలాకాలం ఇంట్లో రోజూ మాత్రలు. "రక్తం తక్కువైంది" అని మాత్రమే విన్న పిల్ల, జుట్టు మళ్లీ మొలిచాక ఆ మాత్రలు ఎందుకు మింగాలి?

నిజానికి రహస్యం దాచేది పిల్ల నుంచి కాదు, చుట్టాల నుంచి. "రేపు సంబంధాలు రావు" అన్న భయం. ఆ భయానికి జరిమానా కట్టేది పిల్ల.

చెబితే కుంగిపోతారా? హైదరాబాద్ చదరంగం ఆటగాడు వెంకటేశ్‌కు కండరాలు క్షీణించే జబ్బు. చావు తప్పదని తెలుసు. తెలుసు కాబట్టే 2004లో, ఇరవై అయిదేళ్ల వయసులో, ప్రాణం పోకముందే అవయవాలు దానం చేయనివ్వమని హైకోర్టును అడిగించాడు. కోర్టు ఒప్పుకోలేదు; అది వేరే చర్చ. తెలియనివాడు ఏమని అడుగుతాడు?

చెప్పడమంటే గడువు ప్రకటించడం కాదు. ఏం తెలుసో ముందు అడగాలి, తెలుసుకోవాలనుకున్నంత చెప్పాలి. టైము లేదంటారు డాక్టర్లు. సూర్యాపేట మెడికల్ కాలేజీ మొదలైన 2019లోనే దేశమంతా ఎంబీబీఎస్‌లో నైతికత, రోగితో మాట్లాడే తీరు పాఠాలయ్యాయి. పరీక్షకు పనికొచ్చిన చదువు ఓపీలో ఎందుకు పనికిరాదో మెడికల్ కాలేజీల ప్రొఫెసర్లే చెప్పాలి.