మొక్క మందైతే సరిపోదు, లెక్క తేలాలి

యుఫోర్బియా పెప్లస్ ఒక కలుపు మొక్క. తుంచితే పాలు కారతాయి. మన గట్ల మీద పాకే రెడ్డివారి నానబాలుకు దగ్గరి చుట్టం. ఇక్కడ పులిపిర్లకు జిల్లేడు పాలు అద్దినట్టే, ఆస్ట్రేలియాలో పాతకాలం వాళ్లు దీని పాలను పులిపిర్ల మీద, ఎండకు లేచిన మచ్చల మీద అద్దేవారు. జిమ్ ఐల్‌వార్డ్ అనే జీవరసాయన శాస్త్రవేత్త తల్లి కూడా పెరటి మొక్కను అలాగే వాడేది. కొడుకు ఆ మొక్కను ప్రయోగశాలకు పట్టుకెళ్లాడు.

పాలలో పనిచేసే పదార్థం ఇంజెనాల్ మెబ్యుటేట్ అని తేలింది. కిలో మొక్క నుంచి దక్కేది ఒక మిల్లీగ్రాముకు కాస్త పైన. ఐల్‌వార్డ్ 1998లో పెట్టిన పెప్లిన్ కంపెనీని 2009లో డెన్మార్క్‌కు చెందిన లియో ఫార్మా 28.75 కోట్ల డాలర్లకు కొనేసింది. 2012లో అమెరికా, యూరప్ ఈ పదార్థంతో చేసిన ‘పికాటో’ అనే జెల్‌కు అనుమతి ఇచ్చాయి. ఏళ్ల తరబడి ఎండ తిన్న చర్మం మీద గరుకు మచ్చలు లేస్తాయి. కొన్ని ముదిరి క్యాన్సర్ అవుతాయి. ఈ జెల్ ఆ మచ్చలకే. అప్పట్లో మిగతా పూతమందులను వారాల తరబడి రాసుకోవాల్సి వచ్చేది, ఇది రెండు మూడు రోజులు చాలేది. డాక్టర్లకూ రోగులకూ నచ్చడంలో వింతేముంది?

అయితే ఈ రసాయన కుటుంబానికి పాత మచ్చ ఒకటుంది. విరేచనాలకు వాడే నేపాళం గింజల నూనెను 1940ల నుంచి శాస్త్రవేత్తలు ఎలుకల చర్మం మీద కణితులు పెంచడానికి వాడుతున్నారు. ఆ నూనెలోని పదార్థాలకు ఇంజెనాల్ బంధువే. ఇలాంటి అనుమానం ఉంది కనకనే యూరప్ అనుమతి ఇస్తూనే మూడేళ్ల అధ్యయనం చేసి తీరాలని షరతు పెట్టింది. ఆ అధ్యయనంలో పికాటో వాడినవారిలో 3.3 శాతం మందికి చర్మ క్యాన్సర్ వచ్చింది. ఇమిక్విమాడ్ అనే వేరే మందు వాడినవారిలో అది 0.4 శాతం. 2020 జనవరిలో యూరప్‌లో వాడకం ఆపించారు. మరుసటి నెలలో కంపెనీ కోరికపైనే అనుమతి రద్దయింది.

ఇక్కడ పట్టించుకోవాల్సింది ఆ రెండో గుంపును. ఈ రోగులందరూ ఎండకు చర్మం పాడైనవాళ్లే, వాళ్లలో కొందరికి ఎలాగూ క్యాన్సర్ వస్తుంది. పోల్చి చూడటానికి వేరే మందు వాడినవారు లేకపోతే, పికాటో తెచ్చిన కేసులన్నీ ఎండ ఖాతాలోకి వెళ్లిపోయేవి. అనుమానం లెక్కగా మారేది కాదు.

మన దగ్గర మొక్కల మందుల వార్తల్లో లోపించేది సరిగ్గా ఈ రెండో గుంపే. పసుపులోని కర్క్యుమిన్ మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కణాలను చంపిందని శీర్షిక వస్తుంది. చంపింది గాజు పళ్లెంలోనని చివరి వాక్యంలో ఉంటుంది, అసలు ఉంటే. 2017లో రసాయన శాస్త్రవేత్తలు కర్క్యుమిన్ పరిశోధనలన్నీ తిరగేసి, నకిలీ మాత్రతో పోల్చి పకడ్బందీగా చేసిన ఏ పరీక్షలోనూ అది నెగ్గలేదని రాశారు. పసుపుతో గాయాలు మాన్పడంపై అమెరికా 1995లో ఇచ్చిన పేటెంటును 1997లో మన సీఎస్‌ఐఆర్ కొట్టివేయించింది. అది ఆ విద్య ఎవరిదన్న తగవు. క్యాన్సర్‌కు పనిచేస్తుందా లేదా అన్నది వేరే తగవు, అందులో మనం ఇంకా గెలవలేదు. దుగ్గిరాల, నిజామాబాద్ పసుపు మార్కెట్లను చూసి గర్వపడేవారికి ఈ మాట రుచించకపోవచ్చు.

మొక్కల్లో మందు లేదని కాదు. ఇంటి ముందు పూసే బిళ్ళగన్నేరును 1950లలో మధుమేహం కోసం పరీక్షిస్తుంటే ఎలుకల్లో తెల్ల రక్తకణాలు పడిపోయాయి. అక్కడి నుంచే విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ వచ్చాయి. రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు విన్‌క్రిస్టిన్‌ను మిల్లీగ్రాముల్లో కొలిచి నరంలోకి ఎక్కిస్తారు, ఆకులు నమిలించరు. క్వీన్స్‌లాండ్ అడవుల్లోని ఒక చెట్టు గింజల నుంచి తీసిన టిజిలనాల్ టిగ్లేట్ కూడా నేపాళం వంశానిదే. కుక్కల్లో వచ్చే ఒక రకం చర్మ కణితులు ఒక్క ఇంజెక్షన్‌తో 75 శాతం కేసుల్లో పూర్తిగా పోయాయి, పశువైద్యానికి అనుమతి దొరికింది. మనుషుల కోసం మళ్లీ మొదటి మెట్టు నుంచి పరీక్షించాల్సి వచ్చింది.

ఇక ఇంటి వైద్యం సంగతి. ముదురు రంగు చర్మం ఉన్నవారిలో మెలనోమా తరచుగా అరికాల్లోనో గోరు కిందో వస్తుంది. ఆనెకాయ అనుకుని ఏదో పాలు పూస్తారు. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ‘బ్లాక్ సాల్వ్’ అనే లేపనం పూసుకున్న కొందరి అనుభవం ఏమిటంటే, మొక్క రసమూ జింక్ క్లోరైడూ కలిసి పైతోలు కాల్చేస్తాయి, మచ్చ పోయినట్టే కనిపిస్తుంది, కణితి మాత్రం లోపల పాకుతూనే ఉంటుంది. మానని పుండుకు ముందు బయాప్సీ, తర్వాతే ఏ మందైనా.

మన విశ్వవిద్యాలయాల నుంచి మొక్కల సారాల మీద పరిశోధన పత్రాలు ఏటా వస్తూనే ఉన్నాయి. వాటిలో చాలావరకు కణాల పళ్లెం దగ్గరే ఆగిపోతున్నాయి. నిధులిచ్చే శాఖలు కొత్త ఆకు పేరు అడగడం కాస్త తగ్గించి, ఆశ చూపిన ఒకటి రెండింటిని మనుషుల్లో పోలిక గుంపుతో కనీసం మూడేళ్లు గమనించే పనికి డబ్బు పెట్టాలి.