ఎక్సెల్ స్లో అయితే మాన్యువల్ లో పెట్టేయడమేనా?

పెద్ద ఎక్సెల్ ఫైలు నత్తనడక నడుస్తోందని ఎవరైనా మొర పెట్టుకోగానే మన ఆఫీసుల్లో వచ్చే మొదటి సలహా, "క్యాలిక్యులేషన్ మాన్యువల్ లో పెట్టెయ్ బాసూ". ఇచ్చేది అకౌంట్స్ వాళ్ళు కాదు, సాక్షాత్తూ మన సాఫ్ట్‌వేర్ వాళ్ళే. నాకు ఒళ్ళు మండేది అక్కడే. ఫైలు స్లోగా ఉంటే ఇబ్బంది, అంతే. పాత లెక్క కొత్త లెక్కలాగా కనిపిస్తే అది ప్రమాదం.

నేను చూసిన ఒక కంపెనీలో నెలాఖరు మార్జిన్ల ఫైలు ఉండేది. ముప్పై చిల్లర షీట్లు. ఐటీ తరఫు నుంచి ఎవరో మహానుభావుడు దాన్ని మాన్యువల్ లో పెట్టాడు. సేవ్ చేయడానికి నిమిషాలు పడుతోందని, సేవ్ కి ముందు లెక్క కట్టమనే టిక్కు కూడా తీసేశాడు. ఆ నెల అకౌంట్స్ మేడమ్ డాలర్ రేటు మార్చారు, సమ్మరీ కదల్లేదు, పాత రేటుతోనే క్లయింటుకి వెళ్ళిపోయింది. "నేను రేటు మార్చానండీ, ఇదిగో చూడండి" అని ఆవిడ చూపిస్తూనే ఉన్నారు. నిజమే, సెల్ లో కొత్త రేటే ఉంది. చీవాట్లు మాత్రం ఆవిడకే పడ్డాయి.

ఇంకో తిరకాసు ఏమిటంటే, ఈ మోడ్ ఫైలుది కాదు, ఎక్సెల్ ది. పొద్దున్నే మీరు మొదట తెరిచిన ఫైలు ఏ మోడ్ లో ఉంటే, ఆ తర్వాత తెరిచినవన్నీ అదే మోడ్ లోకి పోతాయి. వాటిని సేవ్ చేస్తే ఆ మోడే వాటిలోనూ నిలిచిపోతుంది. ఎవరికైనా మెయిల్ చేశారా, ఇక వాళ్ళ వంతు. అచ్చం జలుబే.

ఇంతకీ ఫైలు ఎందుకు స్లో అవుతుంది? ఎక్సెల్ నిజానికి తెలివైనదే. ఏ సెల్ మారితే దాని మీద ఆధారపడిన వాటినే మళ్ళీ లెక్కిస్తుంది. ఆ తెలివిని చెడగొట్టేది మనం. ఆఫ్‌సెట్, ఇన్‌డైరెక్ట్, టుడే, నౌ, ర్యాండ్ - ఇవి వొలటైల్ ఫంక్షన్లు. ఎక్కడో సంబంధం లేని సెల్ లో ఒక అక్షరం కొట్టినా ఇవన్నీ మళ్ళీ లెక్కకొస్తాయి, వీటి మీద ఆధారపడిన వేల ఫార్ములాలని కూడా వెంటేసుకుని. ఏమీ మార్చకుండా ఫైలు మూస్తున్నా "సేవ్ చేయమంటారా?" అని అడుగుతోందంటే మొదట వీటినే అనుమానించండి. ఆఫ్‌సెట్ బదులు చాలాచోట్ల ఇండెక్స్ సరిపోతుంది. నెలకో షీటు పెట్టి ఇన్‌డైరెక్ట్ తో ఏరుకునే బదులు డేటా అంతా ఒకే షీట్ లో పోసి, నెలకి ఒక కాలమ్ పెట్టి, సమ్‌ఇఫ్స్ వాడితే గొడవ వదిలిపోతుంది. టుడే బదులు తేదీ చేత్తో టైప్ చేస్తే మునిగిపోయేదేమీ లేదు.

రన్నింగ్ టోటల్ సంగతీ చూడండి. ప్రతి వరుసలోనూ మొదటి వరుస నుంచి కూడుకుంటూ వస్తే, 10,000 వరుసలకి దాదాపు 5 కోట్ల సెల్స్ చదవాలి. పై వరుస టోటల్ కి ఈ వరుస విలువ కలిపితే 20,000 చాలు. కంప్యూటర్ సైన్స్ చదివిన మనకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు కదా! కానీ ఎక్సెల్ అనేసరికి అదేదో గుమాస్తా పని అన్నట్టు చూస్తాం.

మాక్రోలో మనం రాసే ఫంక్షన్ల కథ వేరు. ఫంక్షన్ లోపల ఏదైనా సెల్ ని నేరుగా చదివితే ఆ సంగతి ఎక్సెల్ కి తెలియదు. ఆ సెల్ మారినా ఫంక్షన్ కదలదు. దాన్ని ఆర్గ్యుమెంట్ గా పంపాలి. అది మానేసి ఫంక్షన్ ని వొలటైల్ చేసిపారేస్తే మళ్ళీ మొదటికే వచ్చాం.

మాన్యువల్ మోడ్ ఎందుకూ పనికిరాదని నేననను. 1979 నాటి విజిక్యాల్క్ లోనూ ఉంది, అప్పటి మెషీన్లకి అవసరమే. ఇప్పుడైనా ఏ షీటు ఎంత టైము తింటోందో కొలిచేటప్పుడు కావాలి. ఒక్కో షీట్ లోని రేంజ్ ని లెక్కించి, ముందూ వెనకా టైమర్ చదివే మాక్రో పది లైన్లు కూడా ఉండదు. పని కాగానే ఆటోమేటిక్ కి తిప్పేయాలి, అంతే.

"నెలాఖరులో ఇదంతా తవ్వుతూ కూర్చునే తీరిక ఎవరికుంది?" అంటారు. సరే, తవ్వకండి. పంపేముందు కంట్రోల్ + ఆల్ట్ + ఎఫ్9 కొట్టండి, తెరిచి ఉన్న ఫైళ్ళలో ప్రతి ఫార్ములానీ మళ్ళీ లెక్కిస్తుంది. చాయ్ తాగి రండి. వచ్చేసరికి సమ్మరీ అంకె మారిందా, ఇంతసేపూ మీరు చూసింది పాత లెక్కే. మాన్యువల్ తప్పదంటే మాత్రం సమ్మరీ షీటు నెత్తిన ఎర్రక్షరాలతో ఆ ముక్క రాసిపెట్టండి. కొత్త 365 లో పాతబడిన విలువల మీద గీత కొట్టి చూపించే సదుపాయం ఉంది గానీ, అవతలాయన దగ్గర 2016 ఉంటే ఆ గీత కనపడదు.