చూర్ణం పొట్లం మీద చిరునామా ఏదీ?

2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కరోనాకు ఆనందయ్య ఇచ్చే మూలికల మందు కోసం వేలమంది బారులు తీరారు. అది పనిచేస్తుందా, లేదా? ఇంటింటా అదే వాదన. చివరికి మే 31న ప్రభుత్వం కొన్ని రకాలకు అనుమతినిచ్చి, కంటి చుక్కల మందును మాత్రం నివేదికలు రావాలంటూ ఆపింది. కంట్లో వేసేదానిపై ఆ జాగ్రత్త సబబే. మరి కడుపులోకి పోయే పొడి మాటేమిటి?

కొవ్వూరు, రాజమండ్రి వంటి ఊళ్ల బజార్లలో నేలవేము, తిప్పతీగ, త్రిఫల, నేరేడు గింజల పొడి విడిగా తూచి కవర్లో కట్టిస్తారు. ఎవరు దంచారో, ఎప్పుడు దంచారో దాని మీద ఉండదు.

వేరుకీ బెరడుకీ మట్టిలోని బ్యాక్టీరియా అంటుకుని ఉండడం సహజం. తప్పంతా ఆ తర్వాతే. సరుకును రోడ్డు పక్కన ఆరబోస్తారు. గోదావరి గట్టు తేమలో సగం ఎండగానే గోనెల్లో కుక్కుతారు. బూజూ బ్యాక్టీరియా పెరిగేది అక్కడే. ‘కాచి తాగుతాం కదా’ అనుకుంటే చాలదు. బాసిల్లస్ సిరియస్ వంటి బ్యాక్టీరియా సిద్ధబీజాలు మరిగే నీటిని కూడా తట్టుకుంటాయి. పొద్దున కాచిన కషాయం రాత్రి దాకా బయటే ఉంటే అవి తిరిగి మొలకెత్తుతాయి. ఇక చూర్ణాన్ని కాచేదే లేదు, తేనెలో రంగరించి మింగడమే.

2002-03లో జర్మనీలో 42 మంది పసిపిల్లలకు సాల్మొనెల్లా సోకింది. ఆరా తీస్తే, వాళ్లకు పట్టిన మూలికల టీలోని సోంపులో అది బయటపడింది. బిడ్డకు వాము నీళ్లు పట్టే, వస కొమ్ము అరగదీసి నాకించే మన ఇళ్లకు ఇది దూరపు కబురు కాదు. 2018లో అమెరికాలో క్రాటమ్ ఆకు పొడి 41 రాష్ట్రాల్లో 199 మందిని ఇలాగే జబ్బుపాలు చేసింది.

నిబంధనలు లేక కాదు. ఆయుర్వేద ఔషధ ప్రమాణాల ప్రకారం గ్రాము చూర్ణంలో మొత్తం బ్యాక్టీరియా లక్ష దాటకూడదు, ఇ.కోలి, సాల్మొనెల్లా అసలే ఉండకూడదు. 1940 నాటి ఔషధ చట్టం కింద తయారీకి లైసెన్సు, షెడ్యూల్ టి శుభ్రతా నియమాలు తప్పనిసరి. తన రోగికి తానే నూరి ఇచ్చే నమోదిత వైద్యుడికి మినహాయింపు ఉంది. నూరిన మందును బజార్లో అమ్మేవారికి లేదు. అయితే అమ్మకానికి లైసెన్సు అడగకపోవడంతో కొట్టు దాకా నిఘా రావడం లేదు.

అలాగని బుట్టలో మూలికలు పెట్టుకుని బతికే ముసలమ్మను తరిమేస్తే ఒరిగేదేమీ లేదు. ఏజెన్సీలో గిరిజనుల దగ్గర అటవీ సరుకు కొనే గిరిజన సహకార సంస్థ, దాన్ని అక్కడే కడిగి, పూర్తిగా ఎండబెట్టే ఏర్పాటు చేయాలి. నూరి అమ్మే ప్రతి పొట్లం మీదా తయారుచేసినవారి పేరు, ఊరు, తేదీ ఉండాలి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. కొవ్వూరులోని గోష్పాద క్షేత్రానికి వచ్చే జనం కోసం అంగళ్లూ పెరుగుతాయి. ఆలోపే ఆయుష్ శాఖ కొవ్వూరు బజార్లో నమూనాలు తీసి, పరీక్షించి, ఫలితాలను పురపాలక కార్యాలయం బయట అంటించాలి.