కడలి ఎరుగని నగరాలు

ఛత్తీస్‌గఢ్‌లోని నవా రాయపూర్ సముద్రానికి బహుదూరం. అయినా అక్కడి వాననీరు మహానదిలో చేరి, ఒడిశా మీదుగా బంగాళాఖాతంలో కలుస్తుంది. వర్షాకాలం వెనుకబడగానే తీర ప్రవాహం దక్షిణానికి మళ్ళి, ఆ మంచినీటిని ఆంధ్ర తీరం వెంట కొనిపోతుంది. వసంతంలో తిరిగి ఉత్తరముఖమవుతుంది.

ఈ రాకపోకల లెక్కలు కూర్చేదీ కడలి లేని నగరమే! 1999లో హైదరాబాదున నెలకొన్న భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రానికి ఉపగ్రహాలు, తీరంలోని ఆటుపోట్ల మాపకాలు, 2,000 మీటర్ల లోతుకు మునిగి 10 రోజులకొకసారి పైకి తేలే ఆర్గో యంత్రాలు వివరాలు అందిస్తాయి. ఆటుపోట్ల వేళలను ముందుగా గణించి పట్టికలుగా ప్రచురించేది సర్వే ఆఫ్ ఇండియా. 2004 నాటి సునామీ నేర్పిన పాఠంతో, 2007లో హెచ్చరిక కేంద్రమూ హైదరాబాదులోనే వెలసింది.

ఆ పూట పడవ దించాలో, వద్దో జాలరి తేల్చుకోవడానికి ఈ అంకెలే ఆసరా.