కడుక్కునేవాడు - సె లబాబా

పిల్లలూ! వీపనగండ్లలో ఒక తాత తన చిన్ననాటి స్నేహితుణ్ణి గురించి, "పొలంనుంచి రాగానే చేతులు కడుక్కునేటోడు" అన్నాడనుకోండి. పుస్తకాలలో దీన్నే "కడుక్కునేవాడు" అని రాస్తాము.

ఈ ఒక్క మాటలో రెండు సంగతులున్నాయి. ఇందులో "కొను" ఉన్నది గనక, కడిగినవి తన చేతులే. "కడుక్కున్నాడు" అనక "కడుక్కునేవాడు" అన్నాడు గనక, అది ఒక్కనాటి పని కాదు, రోజూ జరిగేది.

సుమారు 20 దేశాలకు అధికార భాష అయిన స్పానిష్‌లోనూ ఇంతే! "లబాబా" అంటే కడిగేవాడు. "సె లబాబా" అంటే కడుక్కునేవాడు. మనకు క్రియ వెనక వచ్చే "కొను" పనిని అక్కడ ముందు వచ్చే "సె" చేస్తుంది. ఒక్కసారే కడుక్కుంటే "సె లబో" అనాలి.

"నేను కడుక్కునేవాణ్ణి" అంటే "మె లబాబా". క్రియ మారలేదు, చూశారా? "సె" పోయి "మె" వచ్చింది. ఈ చిన్న మాటను వదిలేస్తే అర్థమే మారిపోతుంది.

ఇంగ్లీషులో "అతని చేతులు" అని చెప్పి తీరాలి. స్పానిష్‌లో "సె లబాబా లాస్ మానోస్" అంటే చాలు, "అతని" అక్కరలేదు. మనకూ అక్కరలేదు గదా!

అయితే అన్నిచోట్లా ఈ పోలిక కుదరదు. "లేచేవాడు" అన్నప్పుడు మనకు "కొను" లేదు. వాళ్లు మాత్రం "సె లెబాంతాబా" అంటారు. అటువంటివి విడిగా నేర్చుకోవాలి.

"నోస్" అంటే మనల్ని. మరి "నోస్ లబాబామోస్" అంటే ఏమిటో చెప్పుకోండి!